గుప్పెడు కందిపప్పు

"పేరు మాత్రం చెప్పొద్దు మే!" అంటూ ఆనందకుమారి చెవులు మూసుకుంది. "ఎవరికిస్తన్నామో తెలిస్తే ఇంక అది కానుకెట్టా అవతాది?"

వాళ్ళ చర్చిలో ఆ కట్టుబాటును ఆమెకన్నా గట్టిగా పట్టుకున్న మనిషి లేదు. వండబోయే గిన్నెలోంచి గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో పోయాలి. ఆదివారం ఆ డబ్బా చర్చిలో అప్పగించాలి. అది ఎవరింటికి పోతుందో అడక్కూడదు. వేటకెళ్ళిన భర్త టైటస్‌ను సముద్రం తీసుకుపోయి మూడేళ్ళయినా ఆ గుప్పెడు ఒక్కపూటైనా తప్పలేదు.

"నేనెక్కడ చెప్పినానక్కా?" అంది ఊరి నర్సు డెబోరా, ఆమె చేతికి కట్టిన బీపీ పట్టీ విప్పుతూ. "మన వీధిలో ఒక మనిషి చిక్కిపోతా ఉండాది. ముప్పై ఆరు కిలోలు. పూటపూటకీ అన్నం, పచ్చడి, అంతే. ఇట్నే ఉంటే మంచాన పడతాది."

"అన్నం తింటా ఉంటే చిక్కడమేంది?"

"లైసిన్ అని ఒకటుండాది. మన ఒళ్ళు దాన్ని సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాల. అన్నంలో అది తక్కువ, పప్పులో దండిగా ఉంటాది. రెండూ కలిస్తేనే ఒంటికి పట్టేది."

"అంటే పప్పన్నం! దానికంత ఇంగ్లీషు పేరెందుకు?"

డెబోరా నవ్వలేదు. "బియ్యంతోపాటు రోజూ గుప్పెడు కందిపప్పు కూడా తియ్యక్కా."

ఆనందకుమారి వెంటనే ఒప్పుకోలేదు. కానుక వండే గిన్నెలోంచే రావాలి. అంగడిలో కొని డబ్బాలో పోస్తే చెల్లదు. అంటే రోజూ పప్పు ఉడకేసుకోవాలి, ఆమెకేమో రెండో గిన్నె పొయ్యెక్కించడమే బద్ధకం. అయినా మనసు ఊరుకోలేదు.

"టైటస్‌ను నిలుపుకోలేకపోయినా. ఈ మనిషినన్నా నిలబెడదాం" అంది చివరికి.

ఆ ఆదివారం డెబోరా పప్పు సంచీతో ఫ్లోరా ఇంట్లోకి వెళ్ళడం ఆమె కంటపడింది. ఫ్లోరా బాలింత, పుల్లలా ఉంటుంది. ఆనందకుమారి చప్పున మొహం తిప్పుకుంది. కట్టుబాటు కట్టుబాటే. కానీ చూసినదాన్ని చూడలేదని మనసుకు చెప్పడం ఎవరివల్ల అవుతుంది?

ఆనాటినుంచి కుళాయి దగ్గర ఫ్లోరా బుగ్గలు గమనించడం ఆమెకు పనైపోయింది. గోంగూర పప్పు, దోసకాయ పప్పు, మామిడికాయ పప్పు... రోజుకొకటి వండింది. ప్రతిసారీ ముందు గుప్పెడు తీసి, "ప్రభువా, ఆ తల్లికి బలమియ్యి" అని ప్రార్థించింది. ఓ ఉదయం ఫ్లోరా నిండు బిందె ఒక్క ఊపులో చంకకెత్తుకుంటే ఆనందకుమారి సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకుంది.

అయిదు నెలలు గడిచాయి. నెలనెలా లాగే బీపీ మాత్రల కోసం వెళ్ళినప్పుడు అందరితోపాటు తానూ బరువు మిషన్ ఎక్కి దిగింది. ముల్లు ఎక్కడుందో చూడనైనా లేదు.

"నా సంగతటుంచు. ఆ మనిషి ఎట్టుండాది?"

"నలభై నాలుగు కిలోలక్కా. ఇంక భయం లేదు."

"నిజంగానా? నా కళ్ళతో చూడాల!"

డెబోరా బరువుల పుస్తకం తెరిచి ఒక వరస చూపించింది. ఆనందకుమారి ముందు ఆ వరస మొదట్లో ఉన్న పేరును బొటనవేలితో కప్పేసింది. ఆ తర్వాతే కళ్ళజోడు సర్దుకుని చదివింది. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. నలభై. నలభై రెండు. నలభై నాలుగు.

"స్తోత్రం ప్రభువా!" అంది.

"ఆ మనిషి నీకు దణ్ణం పెట్టాలక్కా."

"నాకెందుకు? నేనే పెట్టాల. ఆమెకోసం వండబట్టే గదా నా ఇంట్లో మళ్ళీ తిరగమాత వాసనొచ్చింది" అంది ఆనందకుమారి. పేరు చూడకుండానే పుస్తకం మూసి ఇచ్చేసి, ఇంటికి చకచకా నడిచిపోయింది.

డెబోరా చెమర్చిన కళ్ళతో ఆ పేజీ మళ్ళీ తెరిచింది.

బొటనవేలు కప్పిన ఆ పేరు ఆనందకుమారి.