ఇంట్లో మొదటి డిగ్రీ

"వాడు తప్పినాడు సార్. మూడు పేపర్లు," అన్నాడు నాగలింగం.

గ్రామ అధికారి దామోదరన్ దరఖాస్తు మీద నుంచి తల ఎత్తలేదు. తాత నేతపని, తండ్రి నేతపని, చిన్నాన్న నేతపని. వేలు ఒక్కో గడి దాటుకుంటూ వచ్చి, దరఖాస్తు పెట్టిన పిల్ల అన్న పేరు దగ్గర ఆగింది. తణికైవేల్. మరణించాడు. చదువు: ప్లస్ టూ.

"దినామూ తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరు కాలేజీకి పోయేవాడని విన్నానే. మూడేండ్లు చదివినాడంట కదా?"

"చదివినాడు. పాస్ కాలేదు."

"చూడయ్యా, ఇది ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివేవాళ్ళకిచ్చే సర్టిఫికెట్. అన్న పాసయ్యుంటే చెల్లెలికి రాదు. మనిషి పోయినా సరే, రూలు అంతే."

నాగలింగం తల ఊపాడు. పక్కనే కూతురు రంజని ఫైలును గుండెకు ఆనించుకుని నిల్చుంది. ఆమెకు ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఈ సర్టిఫికెట్ ఉంటే ఫీజు తగ్గుతుంది, చేరవచ్చు. లేకపోతే సోమవారం నుంచి గార్మెంట్ కంపెనీ వ్యాను ఎక్కాలి. అక్కడ పేరు కూడా రాయించి ఉంచారు.

దామోదరన్ ఆమె మార్కుల కాగితం తీశాడు.

"లెక్కల్లో తొంభై ఎనిమిదా! ఇంట్లో ఎవరన్నా నేర్పిచ్చినారామ్మా?"

రంజని తండ్రి వైపు చూసింది.

"ఎవరూ లేదు సార్. బళ్ళోనే."

"మీ అన్న చదివింది లెక్కలే కదా?"

"వాడికే రాదు, దీనికేం చెప్తాడు!" నాగలింగం అందుకున్నాడు. "కాలేజీకని పోయి సుమ్మా, ఊరికే తిరిగొచ్చేవాడు సార్. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకోని నేసిందంతా వాడి దోవ ఖర్చుకే సరిపోయింది."

"పోయిన బిడ్డను అట్లా అనకూడదయ్యా. ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెల్లు."

 దామోదరన్ సాక్షి సంతకానికి వెంట వచ్చిన ఎదురింటి రుక్మిణమ్మ వైపు తిరిగాడు. ఆ వీధిలో ఆవిడ నోటికి అందరూ జడుస్తారు.

"నువ్వు చెప్పమ్మా. ఆ పిల్లోడు పాసా, ఫెయిలా?"

రుక్మిణమ్మ కొంగు సర్దుకుంది.

"యాడ పాసయ్యేది సామీ! పరీచ్చ రోజు పొద్దెక్కిందాకా నిద్దరపోయినాడు. వాళ్ళమ్మ మొగాన నీళ్ళు కొట్టి లేపితే, 'పరీచ్చ నిన్ననే కదమ్మా' అన్నాడంట!"

దామోదరన్ నవ్వాడు. నాగలింగం కూడా నవ్వాడు. రంజని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"అంతా సరే. రేపు ఎవరన్నా పిటిషన్ పెడితే జవాబు చెప్పాల్సింది నేను. నోటి మాట చాలదు నాగలింగం. ఏదన్నా కాగితం ఉందా?"

నాగలింగం చొక్కా జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. కవరైపేట్టై దగ్గరి ఒక కంపెనీది. ఫొటోలో సన్నటి మీసాలతో తణికైవేల్. పేరు కింద 'కాంట్రాక్టు, లోడింగ్' అని ఉంది.

"ఈడ పని చేసినాడా?"

"రెండేండ్లు. లారీలకు పెట్టెలెక్కిచ్చేవాడు. పెట్టెలు మీద పడే పోయినాడు."

"పావం. వేరే పని చూసుకోలేదా?"

"చూసినాడు సార్. చెప్పి పెట్టేదానికి మాకెవరు తెలుసు?"

దామోదరన్ కార్డును వెలుతురుకు పట్టి చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు.

"డిగ్రీ ఉన్నవాడెవడన్నా పెట్టెలు మోస్తాడా! ఇంతకంటే రుజువేం కావాల."

సంతకం పెట్టి ముద్ర వేశాడు. కాగితం రంజని చేతికిస్తూ, "నువ్వన్నా బాగా చదువుకోమ్మా. మీ అన్న మాదిరి చేయబాక," అన్నాడు.

"చేయను సార్," అంది రంజని.

బయట ఎండ గట్టిగా ఉంది. ముగ్గురూ బస్టాపు దాకా నడిచారు. ఊరి బస్సు వచ్చింది. రుక్మిణమ్మ ఎవరి మొహమూ చూడకుండా ఎక్కి కూర్చుంది.

"రా నాయనా," అంది రంజని మెట్టు మీద నుంచి.

"మీరు పోండమ్మా. నేను నడిచొస్తా."

"నాలుగు మైళ్ళు నాయనా."

"పోమ్మా."

బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, నాగలింగం సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాడు. భుజం మీది తుండుగుడ్డను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తణికైవేల్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు.