అరగంట అమ్మభాష

ఏ దేశపు తీర్పైనా తెల్లారేసరికి మన కోర్టులో నమోదైపోయే రోజులు వచ్చాయి. అలా జార్జియా దేశం నుంచి వచ్చిన ఒక తీర్పు నరసాపురం కోర్టు అమీను భూషణం చేతికందింది. విడాకులయ్యాక తండ్రి దగ్గరే పెరుగుతున్న ఎనిమిదేళ్ల నీనో, రోజూ సాయంత్రం అరగంట తల్లి తమరతో తెరమీద ఆమె భాషలోనే మాట్లాడాలి. అమీను పక్కన కూర్చుని అమలు చేయించాలి.

మొదటిరోజు తండ్రి ఇమ్మానుయేలు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. తమరతో ఇంగ్లీషులోనే కాపురం చేసినవాడతను.

"నా బిడ్డ ఏ భాష మాట్లాడాలో ఎక్కడి కోర్టో చెప్పడవేంటండీ?"

"నన్ను రానివ్వకపోతే పాపనే అక్కడికి పంపమంటుందండి ఈ తీర్పు," అన్నాడు భూషణం నెమ్మదిగా.

ఇమ్మానుయేలు పక్కకు తప్పుకున్నాడు.

మొదట్లో ఆవులించిన నీనో, ఆర్నెల్లకు తల్లితో గలగలా మాట్లాడసాగింది. రోజూ వింటున్న భూషణానికీ ఆ భాష కొంచెం పట్టుబడింది. ఒకనాడు నీనో ఏదో అంటే తమరా భూషణమూ పగలబడి నవ్వారు. ఇమ్మానుయేలు వంటింట్లోంచి గరిటెతోనే వచ్చాడు.

"ఏవంటందండీ మా పాప?"

"మీ చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని, మూడోసారి అడగడానికి సిగ్గేసిందంటండి."

ఇమ్మానుయేలు గరిటె పక్కన పెట్టాడు.

"తండ్రి కూర్చోకూడదని తీర్పులో ఉందాండీ?"

"లేదండి."

అతను కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు. కాస్త నెమ్మదిగా మాట్లాడమని తమరకు ఆమె భాషలోనే, తప్పులతో, భూషణం చెప్పాడు.