నంబరు కొట్టమ్మా

“ఒక్క బిల్లుకి ఇంతసేపేటమ్మా?” మలంచాలోని మందుల షాపు ముందు జనం అరుస్తున్నారు. కంప్యూటరు మళ్లీ బిగుసుకుపోయింది.

నాన్న బదులు కౌంటరులో కూర్చున్న పూజ మౌసు విసురుగా తోసేసింది. “రాబిన్, పాత ఖాతాలు తీసి పక్కన పెట్టీ. నాన్న ‘కాలం చేశారు’ అని రాసినోలు ఇంకా ఎందుకిందులో?”

“కొత్త డిస్కు ఏస్తే సాలు దీదీ. తీసేముందు మీ నాన్నని ఓపాలి అడుగు,” అన్నాడు షాపు కుర్రాడు.

“నాను సెప్తున్నాను కదా! తీసీ.”

రాబిన్ వాటిని వేరే డిస్కులోకి మార్చాడు. బిల్లులు చకచకా వచ్చాయి. పూజ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే దాలమ్మ ఆయాసపడుతూ కౌంటరు దగ్గరికొచ్చింది. “గుండె మాత్రలు నిన్ననే అయిపోనాయమ్మా. మా ఆయన రైల్వే వర్క్‌షాప్ నంబరు కొట్టు. ఏ మాత్రలో అందులో ఉంతాది.”

ఆమె చెప్పిన నంబరు పూజ కొట్టింది. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది.

“పెదనాన్న పేరు సెప్పు పెద్దమ్మా, తొందరగా!”

దాలమ్మ పెదాలు బిగించింది. మొగుడున్నన్నాళ్లూ ఆ పేరు పలకలేదు, పోయాకా పలకలేదు. వర్క్‌షాప్ వాళ్ల ఇళ్లలో పెద్దాడవాళ్లంతా అంతే. ఖాతాల్లో పేర్ల పక్కన నాన్న నంబర్లు ఎందుకు రాసుకున్నాడో పూజకి ఇప్పుడు తట్టింది.

దాలమ్మ ఖాళీ తెరకేసి చూసింది. “ఇందులోంచి కూడా ఎలిపోనారేటమ్మా?”

రాబిన్ అప్పటికే పాత ఖాతాల డిస్కు తగిలిస్తున్నాడు. వెనక ఎవరో ‘జల్దీ’ అని అరిచారు.

పూజ కుర్చీ ముందుకు జరిపింది. “నేదు పెద్దమ్మా, ఉన్నారు. కూకో. రావడానికి కాసింత టైమవుద్ది.”