రెండు లారీల రోగులు

"జనం రాని ఆసుపత్రికి కొత్త భవనం ఎందుకు?" అన్నారట కాకినాడలో పెద్ద అధికారి.

ఆ మాట విని నర్సు ఎలీసమ్మకు ఒళ్లు మండిపోయింది. తుపానుకు కప్పు ఎగిరిపోయిన ఆసుపత్రిలో, టార్పాలిన్ కింద, ఏడాదిగా పురుళ్లు పోస్తోంది ఆమె. పుణ్యం కొద్దీ మంజూరైన భవనం ఇంకో ఊరికి తరలిపోతే, నొప్పులొచ్చిన ఆడది గోదావరి దాటి నరసాపురం పోవాల్సిందే.

అర్జీలు పెట్టారు. పేపర్లో వేయించారు. ఎమ్మెల్యే గారు "చూద్దామండి" అన్నారు. ఆయన ఏడాదిగా చూస్తూనే ఉన్నారు.

చివరికి ఆసుపత్రి కమిటీ పెద్ద మాణిక్యాలరావు గారు తేల్చేశారు.

"కాగితాలు చదివేదెవరండి? రోగుల్నే కాకినాడ తీసుకెళ్లి ఆ అధికారి కళ్లముందు నిలబెట్టేద్దాం."

"ఆయ్," అన్నారు అందరూ.

ఊరూరా టముకు వేయించారు. సోమవారం పొద్దున్నే కొబ్బరికాయల లారీలు రెండు వచ్చి ఆగాయి. జ్వరాలవాళ్లు, కట్లవాళ్లు, బాలింతలు, నెలలు నిండిన వీరాయమ్మ, అందరూ ఎక్కారు. మందులిచ్చే సీమోను కూడా ఎక్కేశాడు. ఎలీసమ్మ గ్లూకోజు సీసా ఎత్తి పట్టుకుని దారిపొడవునా నిలబడే ఉంది. ఇంతమందిని చూశాక ఆయన కాదనలేరని ఆమె నమ్మకం.

ఆఫీసు గేటు దగ్గర బంట్రోతు లోవరాజు అడ్డొచ్చాడు.

"అయ్యగారు క్యాంపుకెళ్లేరండి."

"ఎక్కడికండి?"

"మాతో చెప్పరండి. సాయంత్రానికి వచ్చేస్తారు, కూర్చోండి."

కూర్చున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. వీరాయమ్మ నడుం పట్టుకుని "సిస్టరమ్మా, నావల్ల కాదండి" అని మూలుగుతుంటే, కొంగుతో విసరడం తప్ప ఎలీసమ్మకు చేయడానికేమీ లేదు. ఇంత చేతకానితనం ఆమె ఎన్నడూ ఎరగదు. ప్రభువా, ఆయన ఒక్కసారి వచ్చి వీళ్లను చూస్తే చాలు అనుకుంది.

అయిదింటికి జీపు వచ్చింది. అధికారి దిగి, ఆ గుంపును చూసి నిలబడిపోయారు. మాణిక్యాలరావు గారు చేతులు జోడించి ఊరి పేరు చెప్పారు.

"మా ఆసుపత్రి రోగులండి. ఒక్కర్ని వదలకుండా తెచ్చాం."

ఆయన కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

"పొద్దున మీ ఆసుపత్రి చూడ్డానికే వెళ్లానండి, రెండు గంటలు కూర్చున్నా ఒక్క రోగీ రాలేదు, ఒక్క నర్సూ కనబడలేదు, ఆ ముక్కే రాసి దారిలో హైదరాబాదుకు ఫ్యాక్సు చేసి వస్తున్నాను."