డాక్టరు పేరు తీసేస్తే

"ఎవరండీ మిమ్మల్ని లోపలికి రానిచ్చింది?"

రఘురామ్ అరుపుకి టి. నగర్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసంతా తలెత్తి చూసింది.

జూనియర్ రాగిణి పక్కన ఎవరో నడివయసు ఆవిడ కూర్చుని ఉంది.

"పిల్లల ఆస్పత్రి నుంచి వస్తా ఉండా. నా పేరు కుముదిని," అందామె లేవకుండానే.

ఆ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ వీళ్లదే. ఇప్పుడు దాన్ని కొత్త వెర్షన్‌కి మారుస్తున్నారు. రికార్డుల సెక్షన్ మనిషి కాబోలనుకున్నాడు రఘురామ్.

"ఏం కావాలి?"

"డాక్టరు ఉద్యోగం మానేస్తే లిస్టులో ఆయన పేరు తీసేస్తారు గదా. ఆయన పిల్లలకు రాసిందంతా ఏమైతాది?"

రాగిణి అందుకుంది.

"కొత్త వెర్షన్ కూడా అదే అడుగుతోంది రఘురామ్ గారూ. పాతది అడక్కుండానే అన్నీ చెరిపేసేది. ఇప్పుడు ప్రతి లింకు దగ్గరా మనమే చెప్పాలి, లేకపోతే ఎర్రరు చూపిస్తుంది. కాస్కేడ్ అంటే డాక్టరు పేరుతో పాటు ఆయన నోట్సు మొత్తం పోతుంది. ప్రొటెక్ట్ అంటే అసలు పేరే తీయనివ్వదు."

"అన్నిటికీ కాస్కేడ్ కొట్టెయ్. ఎర్రర్లు పోతాయి."

"ఒక్కొక్కటీ చూసి..."

"చూస్తూ కూర్చుంటే క్లయింటు నా తల తింటాడు! సాయంత్రానికి రిలీజ్ ఇవ్వాలి."

కుముదిని లేచి నిలబడింది.

"ఏ బిడ్డకు ఏ మందు పడదో రాసుండేది ఆ నోట్సులోనే గదా సార్? అది పోతే సూది వేసేవాళ్లకు ఎట్ల తెలుస్తుంది?"

"మీకు కోడింగ్ వచ్చా?"

"రాదు."

"అయితే నోరు మూసుకోండి!"

వయసులో పెద్దావిణ్ణి పట్టుకుని అంత మాట అన్నాడు మహానుభావుడు.

"మూసుకోను! నీ బిడ్డే అయితే ఇట్లనే అన్నిటికీ ఒకే మాట కొట్టేస్తావా?"

రఘురామ్‌కి ఒళ్లు మండింది. అక్కడికక్కడే ఆస్పత్రి మేనేజర్ భక్తవత్సలానికి ఫోన్ చేశాడు.

"మీ కుముదిని గారు మా పనికి అడ్డం పడుతున్నారు. ముందు ఆవిణ్ణి అదుపులో పెట్టుకోండి!"

"ఆమేనా? మాకూ పెద్ద తలనొప్పి సార్. ఇక మేం చూసుకుంటాం."

కుముదిని మెట్లు దిగి వెళ్లిపోయింది.

రాగిణి పళ్లు బిగబట్టి అన్నిటికీ కాస్కేడ్ రాసింది. ఎర్రర్లు పోయాయి. రఘురామ్ అందరికీ బిర్యానీ తెప్పించాడు.

తర్వాతి వారం ఆస్పత్రిలో డాక్టర్ త్యాగరాజు ఉద్యోగం మానేశాడు. ఆయనకి అపాయింట్‌మెంట్లు పడకుండా రిసెప్షన్ వాళ్లు అలవాటు ప్రకారం ఆయన పేరు డిలీట్ చేశారు. దాంతో పాటే ఆయన రాసిన నోట్సూ పోయింది. ఎవరికీ తెలియలేదు.

మర్నాడు, ఆయన దగ్గర చూపించుకునే సునయన అనే ఆరేళ్ల పాపకి పడని సూది వేశారు.

పాప చనిపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోన్ పెట్టేసి, "ఎర్రరేం రాలేదే," అన్నాడు రఘురామ్. ఒక పసిప్రాణం పోతే ముందు నోట్లోంచి వచ్చిన మాట అది!

"ఎలా వస్తుంది? మీరు రానిచ్చారా?" రాగిణి మండిపడింది. "ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వెళ్లి ఆవిడకి ముఖం చూపించండి, చేతనైతే!"

రఘురామ్ ఆస్పత్రికి వెళ్లాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కాటయ్య ఉన్నాడు.

"కుముదిని గారు ఏ సెక్షన్‌లో పనిచేస్తారు?"

కాటయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"సెక్షనా? ఆయమ్మకు ఈడ ఉద్యోగం ఏడుంది సార్? దినామూ వచ్చి సూదుల రూము ముందర కూసునేది. లోపలికి పొయ్యే ప్రతి తల్లినీ ఆపి, బిడ్డకు ఏ మందు పడదో అడిగి నర్సుకు చెప్పేది."

"ఇప్పుడు లోపలున్నారా?"

"లేదు సార్. ఎవురో కంపెనీ ఆయన కంప్లైంట్ ఇచ్చినాడంట. ఆ దినం నుంచీ గేటు దాటనియ్యద్దని మేనేజరు ఆర్డరు."



"అసలు... ఎవరావిడ?"

"పోయినేడు ఇట్లనే ఒక డాక్టరు పేరు తీసేసినాంక, పడని సూదికి చచ్చిపోయినాడే రాజీవని ఒక పిల్లోడు, వానికి అమ్మ సార్."