మబ్బు వచ్చిన దారి

కొండ మీద నల్లమబ్బు కనబడగానే గుంటలోని కప్ప గొంతు సవరించుకుంది. బెకబెకమని వానను పిలవడం, తొలివానలో గుడ్లు పెట్టడం కప్పల ఆనవాయితీ. గట్టు మీది నత్తకు మాత్రం మబ్బు అంచున ఉన్న పసుపు రంగు నచ్చలేదు.

"ఏ దారిన వచ్చావు?" అని అడిగింది.

"సముద్రం మీద ఆవిరినై లేచాను. పైన చల్లబడి మబ్బునయ్యాను" అంది మబ్బు.

"మధ్యలో ఎక్కడా ఆగలేదా?"

"పొగగొట్టాల మీద కాసేపు ఆగాను. ఆ పొగ నాలో కలిసింది."

కప్ప నవ్వింది. "చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి ఆరా తీస్తావేమిటి, నత్తత్తా?"

ఇంతలో ఒక చినుకు నత్త చిప్ప మీద పడింది. పడినచోట నిగనిగ పోయి, సున్నంలా పొడి రాలింది. కప్ప ఆ మచ్చను చూసి, గుడ్లతో నిండిన తన పొట్టను చూసుకుంది. తెరిచిన నోరు మూసుకుని, నత్త వెనకే రాతి కిందికి దూరింది.

వాన మాత్రం పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, గుంట నిండా కురిసింది.