బట్టల బండిలో భయం

"భయపడేవాళ్లు ఇళ్లకు పొండి! బైబిల్లో యుద్ధానికి ముందు గిద్యోను తన సైన్యానికి చెప్పిన మాటే ఇది," అంది లాండ్రీ మేస్త్రక్క.

పనివేళ వెనక తలుపుకు తాళం వెయ్యొద్దని యజమానిని అడగాలి. మొన్న పొగ కమ్మినప్పుడు అందరికీ తృటిలో చావు తప్పింది.

ముప్పైమంది చక్కా పోయారు. ఇస్త్రీ చేసే ఆవిడ ఒక్కతే మిగిలింది.

"శభాష్! నీకు భయం లేదన్నమాట."

"పోదామంటే కాళ్లు రావట్లేదక్కా. అయినా గిద్యోను శత్రువులకు జడిసి గానుగ చాటున దాక్కున్నప్పుడే కదా, దేవుడు శూరుడా అని పిలిచింది? ఆయనకి వణికేవాళ్లూ పనికొస్తారు. నన్ను బట్టల బండిలో కూర్చోబెట్టి తొయ్యి."

"భయం పోయిందా మరి?"

"పోలేదు. దాన్నీ ఎక్కించుకున్నా, తొయ్యి."

బండి వెళ్లి యజమాని బల్లకి గుద్దుకుంది. పళ్లు టకటకలాడుతుండగానే ఆవిడ చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇవ్వండి సార్. ఇచ్చేదాకా లేవను. లేవలేను కూడా!"